‘నాన్నకి మాత్రం చెప్పకండి మేడం’

గుంటూరు కొత్తపేటలో నా ఓపీ గది గుమ్మం దగ్గర వినే మాట ఇది. పేషెంటు కుర్చీలో కూర్చునేలోపే కొడుకో అల్లుడో దగ్గరికొచ్చి గొంతు తగ్గిస్తారు. "క్యాన్సర్ అని తెలిస్తే బెంగతోనే పోతారు మేడం."

అపోహ: నిజం తెలిస్తే మనిషి ముందే పోతాడు.

వాస్తవం: మీ నాన్నకి చాలావరకు తెలిసే ఉంటుంది. ఫైలు మీద ఆంకాలజీ, అంటే క్యాన్సర్ విభాగం అని ఉంది. పక్క మంచం ఆయన కీమో కబుర్లు చెబుతాడు. చూడ్డానికొచ్చిన చుట్టాలు కళ్ళు తుడుచుకుంటూ వెళ్తారు. మీరు బాధపడతారని ఆయన తెలియనట్టుంటారు, అంతే.

పోయినేడు సత్తెనపల్లి వైపు నుంచి ఒక మిరప రైతు వచ్చారు. వెనక నిలబడ్డ కొడుకు చెప్పొద్దని నాకు చెయ్యి ఊపుతున్నాడు. "మీ జబ్బు గురించి ఇంకా తెలుసుకోవాలనుందా బాబాయ్?" అని మాత్రం అడిగాను. ఆయన కండువాతో మూతి తుడుచుకుని, బనీను జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశారు. ఎవరికెంత అప్పిచ్చిందీ, ప్రోనోట్ల తేదీలూ. "ఒకదానికి వచ్చే నెలతో మూడేళ్లు నిండుతాయి డాక్టరమ్మా. కాలదోషం పడితే మావాడికి చిల్లిగవ్వ రాదు. చెబుదామంటే ‘నీకేం కాదు నాన్నా’ అని లేచిపోతాడు." కొడుకు చెయ్యి ఆగిపోయింది.

అలాగని అందరికీ అన్నీ చెప్పేయను. "నాకొద్దు, మావాడితో మాట్లాడండి" అంటే అదీ పేషెంటు హక్కే. కానీ ఆ మాట ఆయన నోట రావాలి. సూటిగా అడిగితే మాత్రం అబద్ధమాడను. ఇవాళ అబద్ధం చెబితే, రేపు ‘నొప్పి తగ్గిస్తాను’ అంటే ఎందుకు నమ్ముతారు? ఏడుస్తారు, నిజమే. మీకూ భయమే, తెలుసు. ఆ పూట పక్కనే కూర్చుంటాం.

క్యాన్సర్ నొప్పికి వాడే మార్ఫిన్ ఇస్తే ఇక చివరి ఘడియలేనన్న పుకారు విని విని విసుగొచ్చింది. సరైన మోతాదులో ప్రాణం తీయదు, నెలల తరబడి వాడేవాళ్లున్నారు. మామూలు బిళ్ల నాలుగు గంటలకోసారి. మలబద్ధకం చేస్తుంది కాబట్టి విరేచనం మందు కలిపి రాస్తాం. పాలియేటివ్ కేర్, అంటే నొప్పీ బాధా తగ్గించే వైద్యం, కీమోతో పాటే మొదలుపెట్టొచ్చు. ఆశ లేని స్థితిలో వెంటిలేటర్ వద్దని ముందే రాసుకోవడం నేరం కాదు. 2018లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది, 2023లో పద్ధతి తేలిక చేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ఉంటే రాసుకోవచ్చు.

ఆ మిరప రైతూ కొడుకూ ఆ నెలలోనే కలిసి తిరిగి ప్రోనోట్లన్నీ తిరగరాయించారు. ఆయన సంక్రాంతి దాకా ఉన్నారు. రాత్రి రెండింటి బిళ్ల అలారం పెట్టుకుని కొడుకే వేసేవాడు.