ముందు బెంచీ దగ్గర మొదలైన తగువు

‘మీరు రక్షణ పొందారా? ఏ రోజు?’ ఈ ప్రశ్న మీద క్రైస్తవ విశ్వాసుల మధ్య మళ్ళీ వాదన రాజుకుంది. రక్షణ అంటే పాపం క్షమించబడి దేవునితో సమాధానం కుదరడం. సభలో చెయ్యెత్తి, బోధకుడి వెంట నాలుగు వాక్యాల ప్రార్థన పలికితే రక్షణ పొందినట్టేనని ఒక పక్షం. అంతమాత్రాన ఏమీ తేలదని ఇంకో పక్షం. యేసు పాపుల కోసం చనిపోయి లేచాడని, రక్షణ కృప వల్లనేనని ఇద్దరూ ఒప్పుకుంటారు. 1517లో ప్రొటెస్టెంట్ ఉద్యమానికి తెరతీసిన లూథర్ కథ అందరూ విన్నదే, దాన్ని వదిలేద్దాం. ఇప్పటి తగువుకు మూలం 1517లో కాదు, 1830లో ఉంది.

ఆ సెప్టెంబరులో చార్లెస్ ఫిన్నీ న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ వచ్చాడు. లాయర్ పని మానేసి బోధకుడైన మనిషి. ఆ ఊళ్ళో లాయర్లు, వ్యాపారులు, పెద్ద కుటుంబాల వాళ్ళు ప్రసంగాలకు వస్తున్నారు, లోలోపల కదిలిపోతున్నారు కూడా. కానీ నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారోనని బయటపడడం లేదు. ఫిన్నీ ముందు వరస బెంచీలు ఖాళీ చేయించాడు. ఇప్పుడే దేవునికి లోబడతామనేవాళ్ళు అందరి ముందూ లేచి, నడిచి వచ్చి అక్కడ కూర్చోవాలన్నాడు. వచ్చారు.

బెంచీ ఆయన కనిపెట్టింది కాదు, మెథడిస్టులనే ప్రొటెస్టెంట్ శాఖవాళ్ళ సభల్లో అప్పటికే ఉంది. ఫిన్నీ దానికి సిద్ధాంతం జోడించాడు. యేసు పంపిన తొలి శిష్యుల, అంటే అపొస్తలుల కాలంలో బాప్తిస్మం చేసిన పనినే ఇప్పుడు ఈ బెంచీ చేస్తోందని 1835లో అచ్చయిన ఉపన్యాసాల్లో వివరించాడు. మనిషి తన నిర్ణయాన్ని బయటపెట్టడానికి ఏదో ఒక గుర్తు కావాలి కదా అని ఆయన వాదన. అందులో న్యాయం లేకపోలేదు. కానీ బాప్తిస్మం యేసు ఆజ్ఞ. బెంచీ వడ్రంగి చేసింది. ఈ రెంటినీ ఒకే తక్కెడలో పెట్టిన చోటే దారి మళ్ళిందని నాకనిపిస్తుంది.

దీనికి గట్టి జవాబు 1843లో వచ్చింది, పెన్సిల్వేనియాలోని మెర్సర్స్‌బర్గ్‌లో బోధకులను తయారుచేసే సెమినరీలో పాఠాలు చెప్పే జాన్ నెవిన్ నుంచి. ఆయన బయట నిలబడి విమర్శించినవాడు కాదు. కాలేజీ రోజుల్లో తానూ విశ్వాసాన్ని రగిలించే అలాంటి ఉజ్జీవ సభల వేడిని చూసినవాడే. పాపం గురించి నిజంగానే కుమిలిపోతున్న మనిషిని ఊహించుకోమంటాడాయన. ఆ క్షణంలో అతని మనసంతా క్రీస్తు వైపు ఉండాలి. ముందుకు రమ్మని పిలుపు వినిపించగానే అతని దృష్టి ఇంకో దానిమీదికి పోతుంది: లేవనా, వద్దా? లేచినవాడు ఒప్పుకున్నట్టు, కూర్చున్నవాడు తిరస్కరించినట్టు. అసలు ప్రశ్న పక్కకు పోయి కొసరు ప్రశ్న మిగులుతుంది. లేచినవాళ్ళలో మారుమనస్సు లేనివాళ్ళుంటారు, కూర్చున్నవాళ్ళలో ఉన్నవాళ్ళుంటారు. బెంచీకి బదులు నెవిన్ చూపింది పాతదారే: ఇంట్లో, సంఘంలో పిల్లలకు ఓపిగ్గా నేర్పే ప్రశ్నోత్తరాల బోధ.

ఇది ఒక్క నెవిన్ గొంతు కాదు. అంతకు ముందే, 1827 జులైలో న్యూయార్క్ రాష్ట్రంలోని న్యూ లెబనాన్‌లో పెద్ద బోధకులు కూర్చుని ఫిన్నీ కొత్త పద్ధతుల మీద రోజుల తరబడి వాదించుకున్నారు. తేలలేదు. తర్వాత బెంచీ పోయి, డి.ఎల్. మూడీ అనే బోధకుడి సభల్లో, కదిలినవాళ్ళతో విడిగా మాట్లాడే విచారణ గదులు వచ్చాయి. ఇరవయ్యో శతాబ్దంలో బోధకుడు బిల్లీ గ్రాహం సభల్లో నిర్ణయం తీసుకున్నవాళ్ళ చేత కార్డులు నింపించారు. ఇప్పుడు చెయ్యెత్తడం, వెంట పలకడం. 2012లో అమెరికాలోని సదరన్ బాప్టిస్టులనే ప్రొటెస్టెంట్ శాఖవాళ్ళు ఇలా పలికే ‘పాపి ప్రార్థన’ను సమర్థిస్తూ తీర్మానం చేశారు. అయితే అది పలికినంత మాత్రాన రక్షణ తెచ్చే మంత్రం కాదని అందులోనే రాసుకోవాల్సి వచ్చింది.

బయటివాళ్ళకు ఇదంతా మాటల గొడవలా కనిపించవచ్చు. విశ్వాసికి అలా కాదు. పాపం క్షమించబడిందా, దేవునితో సమాధానం కుదిరిందా, చావు తర్వాత ఏమిటి అన్న మూడూ రక్షణ అనే ఆ ఒక్క మాటకే వేలాడుతున్నాయి. చిన్నప్పటి నుంచీ అమ్మ పక్కన మోకరించి ప్రార్థించిన మనిషికి చెప్పడానికి తేదీ ఉండదు. తామెలా మారామో ఒక్కొక్కరూ సాక్ష్యాలు చెప్పే వేళ తల దించుకుని కూర్చుంటుంది. ఇంకొకరికి మూడు తేదీలుంటాయి. మొదటిసారి సరిగ్గా పలికానో లేదోనని రెండోసారి, ఆ తర్వాత మళ్ళీ.

అపొస్తలుడు పౌలు సంఘాలకు రాసిన ఉత్తరాల్లో, అంటే బైబిల్లోని పత్రికల్లో, మాత్రం రక్షణ ఒక్క కాలంలో ఆగదు. ఎఫెసీయులకు ‘రక్షింపబడియున్నారు’ అంటాడు, కొరింథీయులకు ‘రక్షింపబడుచున్న మనకు’ అంటాడు, రోమీయులకు ‘రక్షింపబడుదుము’ అంటాడు. తేదీ అడిగేవాళ్ళు మొదటి మాట దగ్గరే ఆగిపోతారు.

రెండు పక్షాలూ ఎత్తిచూపే కథ బైబిల్లోని అపొస్తలుల కార్యాల 16వ అధ్యాయంలో ఉంది. ‘రక్షణపొందుటకు నేనేమి చేయవలెను’ అని ఫిలిప్పీ చెరసాల నాయకుడు వణుకుతూ అడిగాడు. ప్రభువైన యేసునందు విశ్వాసముంచమన్నారు, అక్కడ ఖైదీలుగా ఉన్న పౌలు, సీల. చెయ్యెత్తించే పక్షం ఇక్కడితో పుస్తకం మూసేస్తుంది. ఇంకో రెండు వచనాలు చదివితే, అదే రాత్రి, అదే గడియలో, తన చెరసాలలోని ఆ ఇద్దరి దెబ్బల గాయాలను అతను కడుగుతూ కనిపిస్తాడు. బాప్తిస్మం ఆ తర్వాతే.