నోటిదూల: కొన్ని అపోహలు, వాస్తవాలు

తెలుగు పాఠాలు చెబుతాను. క్లాసులో పిల్లలు పదే పదే అడిగే మాటల్లో నోటిదూల ఒకటి.

అపోహ: ఇందులో ఉన్నది ఇంటి దూలం.

ఒక పాప నోట్లో దూలం అడ్డంగా ఉన్న మనిషి బొమ్మ గీసుకొచ్చింది. దూలానికీ దీనికీ సంబంధం లేదు. దూల అంటే దురద. కంచెల మీద పాకే దూలగొండి తీగ చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. దాని కాయల మీది నూగు తగిలితే గోకకుండా ఉండలేం. ఆ దురద ఒంటికి కాక నోటికి పుడితే, అంటే అనకూడని మాట అనకుండా ఉండలేకపోతే, అది నోటిదూల. ఇల్లు 'ఇంటి' అయినట్టే, నోరు 'నోటి' అయింది.

ఇంకో సంగతి, నాకు చాలా ఇష్టమైనది. "వాడికి జ్వరం" అన్నట్టే "వాడికి నోటిదూల" అంటాం. మనిషే చెడ్డవాడని కాదు, అతనికో బాధ ఉందని అర్థం.

అపోహ: ఎక్కువ మాట్లాడేవాళ్లందరికీ నోటిదూలే.

కాదు, వాళ్లు వాగుడుకాయలు. పిల్లల్నయితే ముద్దుగానే అలా పిలుస్తాం. నోటిదూలకు ఒక్క మాట చాలు. ఆస్పత్రిలో మంచం పక్కన కూర్చుని, "మా పెదనాన్నకీ ఇదే జబ్బు, నెల తిరక్కుండా పోయాడు" అంటారు చూడండి, అదీ.

అపోహ: నోటిదూల, ముక్కుసూటితనం ఒకటే.

ఇది నన్ను బాగా బాధపెట్టే పొరపాటు. చీటీ లెక్కలో తేడా వస్తే ముక్కుసూటి మనిషి చీటీ పాడినవాళ్ల ముందే అడుగుతాడు. అది అడగాల్సిన మాట, అడగాల్సిన చోటు. పేరంటంలో పదిమంది వింటుండగా "మీ అమ్మాయికి ఇంకా సంబంధం కుదరలేదా?" అనడం సూటితనం ఎలా అవుతుంది? ఆ తల్లి మొహం చూశాక ఎవరూ దాన్ని సూటితనం అనరు. నోటిదురుసు కూడా వేరే. దురుసులో కోపం ఉంటుంది, దూలలో ఉండదు. అందుకే అన్న వెంటనే నాలుక కరుచుకుంటారు.

అపోహ: ఇది బూతు.

కాదు. వ్యాసంలో సందర్భానికి తగ్గట్టు రాస్తే నేను మార్కులు తగ్గించను. అయితే పెద్దవాళ్ల మొహం మీద "మీకు నోటిదూల" అనకూడదు, అది అధికప్రసంగం. స్నేహితుల మధ్య, అక్కచెల్లెళ్ల మధ్య చెల్లుతుంది. అన్నిటికంటే బాగా అతికేది మన తప్పు మనం ఒప్పుకునేటప్పుడు: "నోటిదూల కొద్దీ అనేశాను వదినా, మనసులో పెట్టుకోకు."