ఆవు మెడలో పెట్టె

చిరంజీవులు చిట్టికి, బుజ్జికి,

తాతయ్య ఆశీస్సులు. మొన్న నేను లండన్ నుంచి పంపిన ఆవుల వీడియో చూసి మీరిద్దరూ చెరొక ప్రశ్న వేశారు. అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఆ ఆవుల మెడలోని పెట్టె ఏమిటో నాకే తెలియదు, మీ మామయ్యేమో కారు ఆపడానికి చోటు దొరకక చిరాకుగా ఉన్నాడు. తెలుసుకున్నాక తీరిగ్గా రాద్దామని ఆగాను. ఫోనులో చెబితే సగం విని ఆటకు పరిగెత్తుతారు, కాగితమైతే దాచుకుంటారు. కనీసం మీ అమ్మమ్మ దాస్తుంది.

ముందు చిట్టి ప్రశ్న. కంచె లేకుండా రోడ్డు పక్కనే మేస్తున్నాయి, బస్సుల కింద పడవా అన్నావు. కంచె ఉందమ్మా, కంటికి కనపడదు, అంతే. ఆ ఆవులది లాంగ్‌హార్న్ జాతి, కొమ్ములు పైకి లేవకుండా చెంపల పక్కగా కిందికి వంగి ఉంటాయి. మెడలోని పెట్టెకు ఆవు ఎక్కడుందో ఉపగ్రహాల ద్వారా తెలుస్తుంది. అది మేయవలసిన హద్దును కాపరి తన ఫోనులో గీస్తాడు. ఆవు ఆ గీత దగ్గరికి వస్తే పెట్టె కూత మొదలుపెడుతుంది, ముందుకు వెళ్ళేకొద్దీ స్వరం పెంచుతుంది. అయినా ఆగకపోతే ఒక చిన్న కరెంటు చురక పెడుతుంది. కొన్నాళ్ళకు ఆవు కూత వినగానే వెనక్కి తిరగడం నేర్చుకుంటుందట. మీ మామయ్య చిన్నప్పుడు నేను దగ్గితే పుస్తకం తెరిచేవాడు, అలాగన్నమాట.

బుజ్జి ప్రశ్న చిన్నదే కానీ గట్టిది. "తాతయ్యా, ఆ అడవి ఎవరిది?" ముప్పై ఏళ్ళు గ్రామ లెక్కలు రాసినవాణ్ణి ఆ మాట అడిగావు. ఇక నువ్వు తప్పించుకోలేవు, చివరిదాకా చదవాలి.

ఆ అడవి పేరు ఎపింగ్. మీ మామయ్య ఉండే మేనార్ పార్క్ పక్కనుంచే మొదలై, ఉత్తరంగా ఎసెక్స్ జిల్లాలోని ఎపింగ్ పట్నం దాకా సన్నగా, పొడుగ్గా సాగుతుంది. సుమారు 6,000 ఎకరాలు. మధ్యలో రైళ్ళు, బజార్లు, బళ్ళు, ఇళ్ళు అన్నీ తగులుతాయి. దాన్ని చూసుకునేది లండన్ సిటీ కార్పొరేషన్. ఇక్కడే నాకు తల తిరిగింది. లండన్ సిటీ అంటే మనం అనుకునే లండన్ మహానగరం కాదు. ఆ మహానగరం నడిబొడ్డున, పాత కోటగోడలు ఉన్నచోట, బ్యాంకుల వీధులతో మూడు చదరపు కిలోమీటర్లు కూడా లేని చిన్న ముక్క. దాని సొంత విస్తీర్ణానికి ఎనిమిది రెట్లు ఉన్న అడవి దాని చేతిలో ఉంది, అదీ వేరే కౌన్సిళ్ళ పరిధిలో. మన పంచాయతీకి రెండు మండలాల అవతల ఒక అడవి ఉంటే ఎలా ఉంటుందో అలా. ఎలా వచ్చింది? ఒక శ్మశానం వల్ల.

కథ చెబుతాను. పూర్వం ఇది రాజుల వేట అడవి. నేను వీడియో తీసిన చింగ్‌ఫర్డ్ దగ్గర తెల్లగోడల పాత మేడ కనిపించింది చూడండి, అది ఎనిమిదవ హెన్రీ రాజు 1543లో వేట చూడడానికి కట్టించుకున్నది. అడవిలో జింకలు రాజువి. నేల చుట్టుపక్కల జమీందారులది. కానీ ఆ నేల మీద పశువులను మేపుకునే హక్కు, కొన్ని ఊళ్ళలో వంటచెరకు కొట్టుకునే హక్కు సామాన్య రైతులవి. ఒకే నేల మీద ముగ్గురికి మూడు రకాల హక్కులు. మన పొలాల్లోనూ ఒకప్పుడు ఇలాగే ఉండేది, చెట్టు ఒకరిది, కాయ ఒకరిది, కింద గడ్డి ఇంకొకరిది.

పంతొమ్మిదవ శతాబ్దంలో రాజులకు వేట మీద మోజు తగ్గింది. లండన్ పెరిగింది, ఇళ్ళస్థలాల ధర పెరిగింది. పక్కనే ఉన్న హేనాల్ట్ అడవిని 1851లో చట్టం చేసి మరీ నరికించి దున్నించారు. దాన్ని చూసి ఎపింగ్ జమీందారులకు ధైర్యం వచ్చింది. తలా ఒక ముక్కకు కంచె వేసుకోవడం మొదలుపెట్టారు. 1870 నాటికి అడవిలో దాదాపు సగం కంచెల లోపలికి వెళ్ళిపోయింది.

లౌటన్ అనే ఊళ్ళో థామస్ విలింగేల్ అని ఒక కట్టెలు కొట్టుకునే ముసలాయన ఉండేవాడు. ఆ ఊరివాళ్ళకు ఏటా నవంబరు 11 అర్ధరాత్రి నుంచి ఏప్రిల్ 23 దాకా అడవిలో చెట్ల కొమ్మలు కొట్టుకునే హక్కు ఉండేది. మొదటి రాత్రి ఎవరో ఒకరు వెళ్ళి కొమ్మ నరకకపోతే ఆ హక్కు శాశ్వతంగా పోతుందని నమ్మకం. ఒక సంవత్సరం ఆ రాత్రే జమీందారు వైపువాళ్ళు ఊరివాళ్ళందరికీ విందు పెట్టి తాగించి, అర్ధరాత్రి దాటించాలని చూశారట. విలింగేల్ గడియారం చూసుకుని మధ్యలో లేచి వెళ్ళి కొమ్మ నరికి, దాన్ని పట్టుకుని మళ్ళీ విందుకే వచ్చాడట. ఇది ఊళ్ళో చెప్పుకునే కథ, కోర్టు కాగితం కాదు. కోర్టు కాగితంలో ఉన్నదేమిటంటే, 1866లో అతని ఇంటి కుర్రవాళ్ళను కొమ్మలు నరికారని జైల్లో పెట్టారు. అతను దావా వేశాడు. తీర్పు రాకుండానే 1870లో చనిపోయాడు, అతనితో పాటు దావా కూడా పోయింది. పేదవాడి హక్కుకు ఉన్న జబ్బు ఇదే. హక్కు నిజమైనదే అయినా, తీర్పు వచ్చేదాకా బతికి ఉండే ఓపిక, డబ్బు ఉండవు.

ఆ మరుసటి సంవత్సరం, 1871 జూలైలో, మేనార్ పార్క్ పక్కన వాన్‌స్టెడ్ ఫ్లాట్స్ అనే మైదానంలో వేలమంది జనం చేరి కంచెలు విరగ్గొట్టారు. రోజూ సాయంత్రం నేను నడకకు వెళ్ళేది ఆ మైదానానికే. అదే ఏడాది లండన్ సిటీ రంగంలోకి దిగింది. దానికి ఈ అడవితో ఏం సంబంధం? 1850లలో తన పరిధిలో చనిపోయినవాళ్ళను పాతిపెట్టడానికి చోటు చాలక, ఈ మైదానం పక్కన ఆల్డర్స్‌బ్రూక్ అనే చోట ఒక వ్యవసాయ క్షేత్రం కొని శ్మశానం చేసుకుంది. ఆ పొలంతో పాటు ఆ పొలానికి ఉన్న మేత హక్కు కూడా వచ్చింది. అంటే లెక్క ప్రకారం లండన్ సిటీ కూడా ఒక రైతే. తన ఆవులు మేయవలసిన నేలకు కంచె వేశారని రైతులాగే కోర్టుకు వెళ్ళింది.

జమీందారులు ఒప్పుకుంటారా? నీకు మేత ఉంటే నీ జమీలోనే ఉంటుంది, ఎక్కడో ఉత్తరాన ఉన్న మా నేలతో నీకేం పని అన్నారు. బుజ్జీ, ఇక్కడ జాగ్రత్తగా విను. నా ఉద్యోగ జీవితంలో ఇంత చక్కని వాదన నేను చూడలేదు. రాజుగారి జింకలు అడ్డులేకుండా తిరగాలని అడవి అంతటా కంచెలను నిషేధించారు కదా. కంచె లేనప్పుడు ఆవులు మాత్రం ఏ జమీ ఎక్కడ ముగిసిందో ఎలా తెలుసుకుంటాయి? వందల ఏళ్ళుగా ఏ ఊరి పశువైనా అడవి ఈ చివర నుంచి ఆ చివర దాకా మేస్తూనే ఉంది. కాబట్టి ఒక్క ఊరి రైతుకైనా మేత హక్కు ఉందంటే అది మొత్తం అడవి మీద ఉన్నట్టే. పాత రికార్డులు తిరగేసి, ముసలివాళ్ళ సాక్ష్యాలు తీసుకుని దీన్ని రుజువు చేశారు. 1874 నవంబరులో తీర్పు వచ్చింది. 1851 తర్వాత వేసిన కంచెలు చెల్లవన్నారు. రాజులు తమ వేట కోసం పెట్టుకున్న నియమం, వందల ఏళ్ళ తర్వాత జనానికి అడవిని తెచ్చిపెట్టింది.

సిటీ ఇదంతా పుణ్యానికే చేసిందని మాత్రం అనుకోకండి. అప్పట్లో లండన్ పాలనను సంస్కరించి సిటీ పాత అధికారాలు తీసేయాలని గట్టిగా అంటున్నారు. జనానికి అడవి ఇప్పించిన సంస్థ జోలికి ఎవరు వస్తారు? డబ్బు కూడా జేబులోంచి తీయలేదు, లండన్ రేవులో దిగే ధాన్యం మీద సుంకం నుంచి తీసింది. అయినా చేసిన పని చేసిందే.

1878లో ఎపింగ్ అడవి చట్టం వచ్చింది. సిటీని సంరక్షకులుగా నియమించి రెండు కట్టుబాట్లు పెట్టారు. ఈ నేలకు ఎప్పటికీ కంచె వేయకూడదు, కట్టడాలు కట్టకూడదు, జనం విహారానికి వదలాలి. వీలైనంత వరకు దాని సహజ రూపం చెడకుండా చూడాలి. సిటీ సభ్యులు ఉండే సంఘంలో వెర్డరర్లు అని నలుగురు కూర్చుంటారు. వాళ్ళను అడవి చుట్టుపక్కల ఊళ్ళ హక్కుదారులు ఏడేళ్ళకు ఒకసారి ఎన్నుకుంటారు. దూరాన ఉన్న యజమాని పక్కన ఊరివాళ్ళ కన్ను కూడా ఉండాలన్నమాట. 1882 మేలో విక్టోరియా రాణి స్వయంగా వచ్చి అడవిని ప్రజలకు అంకితం చేసింది. సినిమా అయితే అక్కడ శుభం కార్డు పడేది.

కానీ అసలు పని అప్పుడే మొదలైంది. విలింగేల్ ఊరివాళ్ళ కొమ్మల హక్కు ఏమైందనుకున్నారు? సిటీ 7,000 పౌండ్లు పరిహారం ఇచ్చి దాన్ని ఆపించింది. ఆ డబ్బుతో లౌటన్‌లో ఒక సభామందిరం కట్టారు, దాని పేరే లాపింగ్ హాల్, అంటే కొమ్మలు కొట్టే హాలు. చెట్లను కొట్టడం ఆగితే చెట్లకు మంచిదే కదా అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. ఇక్కడి హార్న్‌బీమ్, బీచ్ చెట్లను (బీచ్ అంటే సముద్రం ఒడ్డు కాదు బుజ్జీ, చెట్టు పేరే) వందల ఏళ్ళుగా మనిషి తలకంటే ఎత్తున కొట్టేవారు. అంతకంటే కింద కొడితే కొత్త చిగురును జింకలు, ఆవులు తినేస్తాయి. పైన కొడితే కొట్టినప్పుడల్లా మళ్ళీ చిగురు వస్తుంది, మొదలు ముదురుతుంది, తొర్రలు పడతాయి, ఆ తొర్రల్లో పురుగులు, పిట్టలు, గబ్బిలాలు కాపురం పెడతాయి. కొట్టడం ఆపగానే కొమ్మలు ఒక్కొక్కటీ ఒక్కో చెట్టంత అయ్యాయి. తల బరువుకు ముసలి మొదళ్ళు నిలువునా చీలాయి. కింద ఎండ పడక గడ్డి, పువ్వులు పోయాయి. సహజ రూపం కాపాడాలని చట్టంలో రాసి, ఆ రూపాన్ని ఇచ్చిన గొడ్డలిని నిషేధించారు. వంద ఏళ్ళ తర్వాత తప్పు తెలుసుకుని, జీతాలిచ్చి మనుషులను పెట్టి మళ్ళీ కొమ్మలు కొట్టిస్తున్నారు. చిట్టీ, నీ పెట్టె ఆవులు కూడా అందుకే. ఊరివాళ్ళు పశువులను పెంచడం మానేశాక మేత లేక మైదానాలు ముళ్ళపొదలైపోతుంటే, ఇప్పుడు సంరక్షకులే ఆవులను తెచ్చి మేపిస్తున్నారు.

చట్టం గట్టిదేనా అంటే, గట్టిదే. 1980లలో లండన్ చుట్టూ పెద్ద రహదారి వేసినప్పుడు ఎపింగ్ దగ్గర అడవి అంచున దాన్ని సొరంగంలోకి దింపి, పైన మళ్ళీ పచ్చిక పరిచారు. లారీలు కింద వెళ్తాయి, పైన క్రికెట్ ఆడుకుంటారు. 2012 ఒలింపిక్స్‌కు వాన్‌స్టెడ్ ఫ్లాట్స్‌లో పోలీసులు తాత్కాలికంగా మకాం పెట్టుకోవాలంటే, దానికి కూడా 1878 చట్టాన్ని సవరించే ఉత్తర్వు తేవలసి వచ్చింది. మన దగ్గర తహసీల్దారు ఒక్క మాటతో అయ్యే పని.

ఇక రోజువారీ తగాదాలు మాత్రం మన పంచాయతీలను మించిపోయాయి. మైదానంలో వరసగా ఫుట్‌బాల్ స్థలాలు, పక్కనే గడ్డిలో నేల మీద గూడు కట్టే భరతపక్షులు. గుడ్లు పెట్టే కాలంలో ఆ మేరకు అడ్డుకట్టి బోర్డు పెడతారు, కుక్కల యజమానులు గొణుగుతారు. అడవిలో పుట్టగొడుగులు కోయకూడదు, కొందరు సంచులకొద్దీ కోసుకెళ్ళి దొరికిపోతారు. కార్లు ఆపే చోట రుసుము పెడితే, జనం విహారానికి ఇచ్చిన అడవిలో డబ్బేమిటని గొడవ. 2018 జూలైలో ఎండిన గడ్డి అంటుకుంటే రెండు వందలకు పైగా అగ్నిమాపక సిబ్బంది దిగారు. అన్నిటికంటే పెద్ద బెడద అడవిని ప్రేమించే జనమే. లక్షల పాదాలు తొక్కి చెట్ల వేళ్ళ మీద మట్టి గట్టిపడిపోతోంది. అందుకని చుట్టుపక్కల కౌన్సిళ్ళు కొత్త ఇళ్ళు కట్టేవాళ్ళ దగ్గర అడవి సంరక్షణకు కొంత రుసుము వసూలు చేస్తున్నాయి. ఇది నాకు బాగా నచ్చింది.

ఆదివారం సాయంత్రం ఆ మైదానంలో తెలుగు వినిపిస్తుంది. ఈస్ట్ హామ్‌లో గదులు తీసుకుని చదువుకునే మన పిల్లలు క్రికెట్ ఆడుతూ అవుటా కాదా అని పోట్లాడుకుంటారు. ఆ స్థలం ఎలా మిగిలిందో నేను ఒక కుర్రవాడికి చెప్పబోయాను, పాపం అతనికి బ్యాటింగ్ వచ్చింది.

ఇప్పుడు నా మాట ఒకటి. నేను పనిచేసిన ఒక ఊళ్ళో మేత పోరంబోకు, అంటే ఊరి పశువులు మేసే ఉమ్మడి ప్రభుత్వ భూమి, ఉండేది. ఏటా అడంగల్ (ఏ భూమి ఎవరి సాగులో ఉందో చెప్పే లెక్క) రాస్తూ, పక్క రైతులు సాలుకు సాలు లోపలికి జరగడం చూసేవాణ్ణి. ఆక్రమణ అని రాశాను, బి మెమోలు అనే ఆక్రమణ నోటీసులు ఇచ్చాను, శివాయి జమ అనే ఆక్రమణ శిస్తు వసూలు చేసి రసీదు చేతిలో పెట్టాను. ఆ రసీదులే తర్వాత వాళ్ళకు అనుభవానికి సాక్ష్యాలయ్యాయి. ఆవులు ఉన్నవాళ్ళు ఒక్కరైనా కోర్టుకు వెళ్ళలేదు. వెళ్ళమని నేనూ చెప్పలేదు. నాకు చెప్పే బాధ్యత లేదనుకున్నాను. 2011లో సుప్రీంకోర్టు ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తొలగించమని రాష్ట్రాలన్నిటికీ చెప్పిన రోజు పేపరు చదివి మీ అమ్మమ్మతో రెండు రోజులు మాట్లాడలేదు. ఆమెకు ఇప్పటికీ కారణం తెలియదు, ఈ ఉత్తరం ఆమెకు చదివి వినిపించేటప్పుడు ఈ పేరా దాటవేయండి.

నేను వచ్చేసరికి దసరా సెలవులు అవుతాయి. అటక మీద ఇనప్పెట్టెలో మన ఊరి గ్రామపటం నకలు ఉంది, తాళంచెవి దేవుడి గూట్లో. ముందే తీసి చూడాలనుకుంటే చూడండి, పోరంబోకు సర్వే నంబర్లు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికి పెన్సిలుతో, పెన్సిలుతోనే, చుక్కలు పెట్టండి. మడతల దగ్గర గుడ్డ చివికిపోయింది. నేల మీద పరిచి, ఒకరు ఒక పక్క, ఇంకొకరు ఇంకో పక్క పట్టుకుని మెల్లగా విప్పండి.

మీ తాతయ్య