కంకరలో కలిసిపోకుండా మిగిలిన స్ఫటికాలు

నా టేబుల్ మీద ఒక రాయి ఉంది, గుప్పెట్లో పట్టేంత. వెనకవైపు మామూలు నల్లరాయే, రోడ్డు పక్కన కంకర కుప్పలో కనిపించేలాంటిదే, కానీ ముందుకి తిప్పితే లేత పీచ్ కలర్‌లో, మధ్యలో బిగించి కట్టిన వరి పనల్లాగా రెండు పక్కలా విచ్చుకున్న గుత్తులు, వాటి మీద అక్కడక్కడా పటికబెల్లం పలుకులు అతికించినట్టు లేతాకుపచ్చ స్ఫటికాలు. వరి పనలా ఉన్నది స్టిల్బైట్, పటికబెల్లంలా ఉన్నది అపోఫిల్లైట్. మహారాష్ట్రలో జల్గావ్ వైపు నుంచి వచ్చింది. దీన్ని ఎవరూ చెక్కలేదు, సాన పట్టలేదు, రాతిలోంచి తీసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది, అయినా ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ ముందు అడిగేది "ఎక్కడ చేయించారండీ?" అనే.

ఇలాంటివి ఇప్పుడు ఆన్‌లైన్‌లో బోలెడు అమ్ముతున్నారు, కొన్ని వందల రూపాయల నుంచి లక్షల దాకా. ఎక్కువమంది "ధ్యానానికి మంచిది, నిద్ర పడుతుంది, డబ్బు నిలుస్తుంది" అని రాసి అమ్ముతారు. దానికి ఆధారమేమీ లేదు, ఆ మాట సూటిగానే చెప్తాను. కానీ నాకు అంతకన్నా బాధ కలిగించేది ఏంటంటే, ఆ రాయికి నిజంగా ఒక కథ ఉంటుంది, అమ్మేవాళ్ళు అది వదిలేసి లేనిది రాస్తారు. ఆ కథ చెబ్దామనే ఇది.

సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట, డైనోసార్ల చివరి రోజుల్లో, పడమటి, మధ్య భారతంలో నేల చీలి లావా పొంగింది. ఒకసారి కాదు, పొర మీద పొరగా, లక్షల ఏళ్ళ పాటు. ఇప్పటికీ దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర ఆ లావా గట్టిపడిన నల్లరాయి పరుచుకుని ఉంది, పడమటి కనుమల్లో కొన్నిచోట్ల మందం 2 కిలోమీటర్ల దాకా ఉంటుంది. దీన్నే దక్కన్ ట్రాప్స్ అంటారు, ట్రాప్ అంటే ఇక్కడ వల కాదు, మెట్లు అనే అర్థమున్న స్వీడిష్ మాట నుంచి వచ్చింది, ఆ కొండల్ని పక్కనుంచి చూస్తే నిజంగానే మెట్లుమెట్లుగా కనిపిస్తాయి. దీని తూర్పు అంచు మన దాకా వచ్చింది. వికారాబాద్, జహీరాబాద్, ఆదిలాబాద్ వైపు కనిపించే నల్లరాయి అదే. రాజమండ్రి దగ్గర గోదావరికి రెండు పక్కలా ఉన్న లావా రాయి కూడా అదే సమయానిది, రసాయనాలు కూడా పోలుతున్నాయి కాబట్టి పడమటి నుంచి పాత నదీ లోయలు పట్టుకుని వెయ్యి కిలోమీటర్లు పారి వచ్చిందని ఒక వివరణ ఉంది. అంత దూరం లావా పారడం అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

సరే, లావా నుంచి స్ఫటికం ఎలా వచ్చింది? అట్టు పోసినప్పుడు పైన బుడగలు లేచి చిల్లులు పడతాయి కదా, లావాలో కరిగి ఉన్న ఆవిరి, వాయువులు కూడా అలాగే బుడగలుగా పైకి లేస్తాయి, ఈలోపు లావా గట్టిపడిపోతే ఆ బుడగలు రాతిలో ఖాళీలుగా మిగిలిపోతాయి. శనగగింజంత నుంచి మనిషి దూరి కూర్చునేంత గుహల దాకా ఉంటాయి. ఈ ఖాళీ చాలా ముఖ్యం. గ్రానైట్‌లోనూ స్ఫటికాలే ఉన్నాయి కానీ అక్కడ ఒకదాన్నొకటి నెట్టుకుంటూ కిక్కిరిసి పెరగడంతో దేనికీ తన సొంత ఆకారం రాదు. చోటు ఉంటేనే స్ఫటికానికి ముఖాలు, అంచులు, కొనలు వస్తాయి.

ఆ ఖాళీల్లోకి తర్వాత నీళ్ళు చేరాయి, వేడి నీళ్ళు. అవి నల్లరాతిలోంచి కాల్షియం, సోడియం, పొటాషియం, అల్యూమినియం, సిలికా కరిగించుకుని వచ్చి, చల్లబడే కొద్దీ మోయలేక గోడల మీద వదిలేశాయి. పటికబెల్లం చేసేవాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు, చిక్కటి చక్కెర పాకంలో దారం వేలాడదీసి కదపకుండా రోజుల తరబడి ఉంచితే పెద్ద పెద్ద పలుకులు కడతాయి, తొందరపడి చల్లార్చితే సన్న చక్కెరే మిగుల్తుంది. రాతిలో కూడా అంతే, పెద్ద స్ఫటికం అంటే తొందర లేకుండా, కదలిక లేకుండా పెరిగిందని అర్థం.

ఇంకో సంగతి నన్ను బాగా ఆశ్చర్యపరిచింది. రాయి వయసు 6.6 కోట్ల ఏళ్ళు అయితే స్ఫటికం వయసూ అంతే అనుకునేవాణ్ణి. కానీ దక్కన్ అపోఫిల్లైట్లకి వయసు కడితే కొన్ని 4 కోట్ల పైచిలుకు, కొన్నయితే 2 కోట్ల పైచిలుకు ఏళ్ళవే అని తేలింది. అంటే లావా ఎప్పుడో చల్లారిపోయి, కోట్ల ఏళ్ళు గడిచాక మళ్ళీ వేడి నీళ్ళు ఆ దారిన వచ్చాయి. నా రాయిలోనూ వరస తెలుస్తుంది, అపోఫిల్లైట్ స్టిల్బైట్ మీద కూర్చుంది కాబట్టి స్టిల్బైట్ ముందు, ఇది తర్వాత. ఒక్కో పొర ఒక్కో విడత నీళ్ళు. లెన్స్ పెట్టి చూస్తూ కూర్చుంటే గంట ఎలా పోతుందో తెలీదు.

స్టిల్బైట్ జియోలైట్ల కుటుంబానిది. 1756లో స్వీడన్‌కి చెందిన క్రాన్‌స్టెట్ అనే ఖనిజ శాస్త్రవేత్త ఇలాంటి రాయిని ఊదుగొట్టం మంటలో వేడి చేస్తే అది నురగలు కక్కుతూ ఉడికినట్టయింది, అందుకని గ్రీకు మాటలతో "ఉడికే రాయి" అని పేరు పెట్టాడు. లోపల అణువులు తేనెపట్టులాగా సన్నటి గదులు కట్టి ఉంటాయి, ఆ గదుల్లో నీళ్ళుంటాయి, వేడి చేస్తే ఆ నీళ్ళే బయటికొస్తాయి, ఇల్లు మాత్రం కూలదు. ఈ గదుల గుణం చూసే ఫ్యాక్టరీల్లో జియోలైట్లు తయారు చేయడం నేర్చుకున్నారు, బట్టల సబ్బు పొడిలో వేస్తున్నారు, పెట్రోల్ శుద్ధిలో వాడుతున్నారు. 2021లో కోవిడ్ రెండో వేవ్‌లో మనందరం వెతుక్కున్న ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ గుర్తుందా, దాని లోపల ఉండేది జియోలైట్ గుళికలే. గాలిని ఒత్తిడితో లోపలికి పంపితే నైట్రోజన్ వాటికి అంటుకుని ఆగిపోతుంది, ఆక్సిజన్ ముందుకు పోతుంది, ఒత్తిడి తగ్గించగానే నైట్రోజన్ వదిలేస్తాయి, మళ్ళీ మొదలు. నా టేబుల్ మీద పువ్వులా కూర్చున్న రాయికీ, ఆ రోజుల్లో ఎందరికో ఊపిరందించిన ఆ గుళికలకీ ఒకే రకం కట్టడం అని తెలిశాక ఆ రాయిని చూసే చూపే మారిపోయింది.

అపోఫిల్లైట్ మాత్రం జియోలైట్ కాదు, అమ్మేచోట చాలాసార్లు కలిపేసి రాస్తారు. అది పొరల రాయి. వేడి చేస్తే రేకులు రేకులుగా ఊడిపోతుందని ఆ పేరు. కొనేటప్పుడు చూస్తే ఒక్కోసారి ఘనంలాగా కనిపిస్తుంది కానీ నాలుగు పక్క ముఖాలు గాజులా మెరుస్తూ నిలువు గీతలతో ఉంటాయి, పైముఖం ఒక్కటే ముత్యంలా మెరుస్తుంది, పొరలుగా విడిపోయేది కూడా అటే. ఈ ఒక్క గుర్తు తెలిస్తే చాలు. స్కోలెసైట్ అని ఇంకోటి ఉంది, తెల్లటి సూదుల గుత్తి, వేడి తగిలితే కొన్ని పురుగులా చుట్టుకుంటాయని గ్రీకులో పురుగు పేరే పెట్టారు. హ్యూలాండైట్ అనే ఇంకో ఖనిజానికైతే హ్యూలాండ్ అనే ఆయన పేరు పెట్టారు, లండన్‌లో ఖనిజాలు సేకరించి అమ్మిన వ్యాపారి. రాళ్ళమ్మిన మనిషి పేరు రాయికే పెట్టారంటే ఈ వ్యాపారానికి శాస్త్రంలో ఎంత చోటుందో చూడండి, మ్యూజియంలకి చేరిన ముక్కలు ఎన్నో ఇలాంటివాళ్ళ చేతుల మీదుగా వచ్చినవే.

ఇక కావన్‌సైట్. నెమలి మెడ నీలం, చిన్న చిన్న ముళ్ళ బంతులుగా తెల్లటి స్టిల్బైట్ మీద కూర్చుంటుంది. కాల్షియం, వెనేడియం, సిలికాన్, ఈ మూడు పేర్ల మొదళ్ళు కలిపి పేరు పెట్టారు, ఆ నీలానికి కారణం వెనేడియం. అపోఫిల్లైట్‌కి ఆకుపచ్చ ఇచ్చేది కూడా అదే వెనేడియం, చాలా కొద్దిగా చాలు. కావన్‌సైట్ మొదట దొరికింది అమెరికాలో ఒరెగాన్‌లో, 1960లలో, అక్కడ దొరికినవి చిన్నవి. 1980ల చివర్లో పుణె పక్కన వాఘోలి క్వారీల్లో మంచి మంచి ముక్కలు బయటపడ్డాక ప్రపంచమంతా ఆ పేరు తెలిసింది. ఇప్పుడు కావన్‌సైట్ అంటే వాఘోలే.

ఇవన్నీ దొరికేది ఎవరో వజ్రాల్లాగా వెతికితే కాదు. 1863లో పూర్తయిన, ముంబై-పుణె మధ్య భోర్ ఘాట్ రైలు దారి కోసం కొండలు తొలిచినప్పుడు గొప్ప గొప్ప అపోఫిల్లైట్లు బయటపడ్డాయి. తర్వాత బావులు తవ్వినప్పుడు, ఇప్పుడు కంకర క్వారీల్లో. మందు పెట్టి పేలిస్తే ఎక్కడో ఒక బుడగ తెరుచుకుంటుంది, ఆ క్షణంలో పక్కనున్న కూలీ చూసి ఆగి చేత్తో తీస్తే ఒక ముక్క బతుకుతుంది, లేదంటే లారీలో పడి క్రషర్‌లోకి పోయి ఏదో ఊరి రోడ్డు కింద చేరుతుంది. అలా ఎంత పోయిందో తల్చుకుంటే మనసు చివుక్కుమంటుంది. బతికినవి న్యూస్‌పేపర్‌లో చుట్టుకుని చేతులు మారుతూ కొన్ని అమెరికాలో ట్యూసన్ దాకా వెళ్తాయి, 1955లో మొదలైన అక్కడి రత్నాల ఖనిజాల ప్రదర్శన ఈ లోకానికి పెద్ద తిరనాళ్ళ లాంటిది. అంత దూరం వెళ్ళలేనివాళ్ళు నాసిక్ దగ్గర సిన్నర్‌లో గార్గోటి మ్యూజియం చూడొచ్చు, తప్పకుండా చూడమంటాను.

ధర దేన్ని బట్టి అంటే సైజ్ ఒక్కటే కాదు. కొన విరిగిందా, మెరుపుందా, తల్లిరాయి మీదే సహజంగా నిలబడి ఉందా, ఇవి చూస్తారు. పిడికిలంత విరిగిన గుత్తి కన్నా బొటనవేలంత మచ్చలేని ముక్కే ఎక్కువ పలకొచ్చు. మోసాలు కూడా ఉన్నాయి. ఒకెనైట్ అని దూదిపింజ లాంటి తెల్లటి బంతులుంటాయి, వాటికి గులాబీ, ఊదా రంగులు వేసి అమ్ముతారు, రంగు ఒకెనైట్ కనిపిస్తే అద్దకమే అనుకోండి. పసుపు సిట్రిన్ పేరుతో వచ్చే గుత్తుల్లో ఎక్కువ భాగం ఊదారంగు అమెథిస్ట్‌ని కొలిమిలో కాల్చినవి. ఇంద్రధనుస్సులా మెరిసే ఆరా క్వార్ట్జ్ మీద లోహపు పూత ఉంటుంది. చెప్పి అమ్మితే నాకు ఇబ్బంది లేదు, చెప్పకపోతేనే. స్ఫటికం రాయిని తాకే చోట లెన్స్ పెట్టి చూడండి, జిగురు అక్కడే దొరికిపోతుంది, చాలా జిగుర్లు యూవీ టార్చ్ కింద వెలుగుతాయి కూడా. కొన్నాక శుభ్రం చేస్తామని నిమ్మకాయ రుద్దొద్దు, పక్కన కాల్సైట్, అంటే సున్నపురాయిలో ఉండే ఖనిజం, ఉంటే నురగలొచ్చి కరిగిపోతుంది. ఒకెనైట్‌ని అసలు తాకొద్దు, ఆ నూగు ఒకసారి అణిగిందంటే మళ్ళీ లేవదు.

అన్నిటికన్నా ముందు అడగాల్సింది "ఎక్కడిది?" అని. ఏ ఊరు, ఏ క్వారీ, ఏ సంవత్సరం. ఆ వివరాలు రాసిన చీటీ లేకపోతే రాయి అందం తగ్గదు కానీ అది ఏ లావా పొరలోది, ఏ విడత నీళ్ళది అని ఎవరైనా చదవాలన్నా దారి ఉండదు. నా దగ్గర స్కోలెసైట్ ఒకటుంది, మొదట్లో ఏమీ తెలియక కొన్నది, చీటీ లేదు, నేనూ అడగలేదు. వెనక నల్లరాయి చూసి దక్కన్‌ది అని చెప్పగలను, నాసిక్ వైపుది కావచ్చు అనుకుంటాను, అక్కడితో ఆగిపోతుంది. అది దొరికిన గొయ్యి ఈపాటికి వాన నీళ్ళతో నిండిపోయి ఉంటుంది. జల్గావ్ ముక్క కింద మాత్రం పెన్సిల్‌తో ఊరి పేరు, కొన్న తేదీ రాసి అతికించాను, చీటీ ఊడినా తెలియడానికి అవే వివరాలు నోట్‌బుక్‌లోనూ రాసుకున్నాను.