వాగు అడుగున విషం, ఒక వంటవాడు

నీళ్లు తేటగా ఉంటే చాలు, వాగు బాగుందనుకుంటాం. కానీ కొన్ని పురుగుమందులు నీళ్లలో నిలవవు. మట్టి రేణువులకు, కుళ్లిన ఆకుల పొడికి అంటుకుని అడుక్కి దిగిపోతాయి. ఆ బురదలో ఏ రసాయనం ఎంత ఉందో ల్యాబ్ చెప్పేస్తుంది. అందులో ఎంత ఒంట్లోకి చేరుతుందో చెప్పాల్సింది మాత్రం అక్కడ బతికే ప్రాణులే.

అమెరికాలో ఈ పనికి ఎక్కువగా వాడేది హయలెల్లా అజ్టెకా. రొయ్యకు దూరపు చుట్టం, పెద్దదైనా సెంటీమీటరు ఉండదు. బీకరులో 100 మిల్లీలీటర్ల బురద, పైన నీళ్లు, అందులో 10 పిల్లలు. 23 డిగ్రీల దగ్గర 10 రోజులు ఉంచి, బురదను జల్లెడ పట్టి, బతికున్నవాటిని లెక్కపెడతారు.

కాలిఫోర్నియాలోని రోజ్‌విల్‌లో కాలనీల మధ్య పారే వాగుల బురదను డొనాల్డ్ వెస్టన్ బృందం ఇలాగే పరీక్షించింది. 2005లో ఫలితాలు వచ్చాయి: దాదాపు అన్నిచోట్లా హయలెల్లాలు చచ్చాయి. ప్రధాన దోషి బైఫెంత్రిన్. పైరిత్రాయిడ్లు అనే పురుగుమందుల కుటుంబంలో ఒకటి. పొలాల నుంచి వచ్చింది కాదు, ఇళ్ల చుట్టూ వాడింది. మన దగ్గర పునాదుల్లో చెదలకు కొట్టే మందుల్లో ఇదీ ఒకటి.

బురదలో పది విషాలుంటే చంపింది ఏదో ఎలా తేల్చడం? నాకు భలే నచ్చే కిటుకు ఇక్కడుంది. ప్రాణి ఒంట్లో సైటోక్రోమ్ పి-450 ఎంజైములు వంటవాడిలాంటివి. పైరిత్రాయిడ్ వస్తే ముక్కలు చేసి దాని పొగరు అణుస్తాడు. అదే ఆర్గానోఫాస్ఫేట్లు అనే ఇంకో కుటుంబానికి చెందిన క్లోర్‌పైరిఫాస్ వస్తే, వండి మరీ అసలు విషంగా మారుస్తాడు. ఆ వంటకమే నరాల్లో ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే కీలకమైన ఎంజైమును కట్టేస్తుంది. ఇప్పుడు నీళ్లలో పైపరోనిల్ బ్యుటాక్సైడ్ కొంచెం కలిపి వంటవాడి చేతులు కట్టేయండి. చావులు పెరిగితే అనుమానం పైరిత్రాయిడ్ మీదికి పోతుంది, తగ్గితే ఆర్గానోఫాస్ఫేట్ మీదికి. ఇంకా నమ్మకం కుదరకపోతే బీకరును చల్లబరచి చూడొచ్చు. చాలా విషాలు చలికి నెమ్మదిస్తాయి, పైరిత్రాయిడ్లు మాత్రం ఇంకా రెచ్చిపోతాయి.

ఒంట్లోని ఎంజైములు విషాన్ని విరిచేస్తాయని బడిలో ఒక్క ముక్కలో చెప్పి వదిలేస్తాం. వాటిలో కొన్ని విషాన్ని తయారుచేస్తాయని చెప్పం. డీటాక్స్ రసాలు అమ్మేవాళ్లూ ఆ సంగతి ఎత్తరు!

2013లో ఇంకో మెలిక బయటపడింది. కాలిఫోర్నియా వాగుల్లోని కొన్ని హయలెల్లాల్లో, పైరిత్రాయిడ్ వెళ్లి పట్టుకునే సోడియం ఛానల్ (నరాల కణాల్లోని ఒక ద్వారం) జన్యువే మారిపోయింది. మామూలువాటిని చంపే మోతాదు వాటికి ఆనదు. కాబట్టి వాగులో హయలెల్లా కనబడింది కదా అని బురద మంచిదనడానికి లేదు, వాటిని పట్టుకొచ్చి బీకరులో వేయడానికీ లేదు. పరీక్షకు మందు ఎరగని ల్యాబ్ సంతతే కావాలి.