చిన్న వయసు తల్లులకు నీళ్ల పాఠం: అపోహలు - వాస్తవాలు

నేర్చుకోవడంలో ఇబ్బంది ఉండి, పద్దెనిమిది నిండకుండానే తల్లులై, ఓపెన్ స్కూల్లో చదువుకుంటున్న అమ్మాయిలకు పర్యావరణ శాస్త్రం చెప్పే టీచర్ల కోసం.

అపోహ: సూక్ష్మజీవుల్లాంటివి వీళ్ల బుర్రకెక్కవు.

వాస్తవం: ఎక్కుతాయి, చేత్తో చేయిస్తే. కాచి చల్లార్చిన నీళ్లు రెండు గ్లాసుల్లో పోసి, ఒకదాంట్లో అర చెంచా ఉప్పు పూర్తిగా కరిగించండి. కంటికి రెండూ ఒకటే, నోట్లో పోసుకుంటేనే తేడా. చాలామంది ఇక్కడే ఆపేస్తారు. దాంతో "రుచి చూస్తే తెలిసిపోతుంది" అన్నదే అమ్మాయి మనసులో నిలిచిపోతుంది. అందుకే అదే రోజు హెచ్‌టూఎస్ సీసాలో (నీళ్లలో మలం కలిసిందేమో చూసే పరీక్ష సీసా) వాళ్లింటి బిందె నీళ్లు గీత దాకా పోయించండి. మూత లోపలివైపు వేలు తగలకూడదు. 24 నుంచి 48 గంటల్లో నల్లబడితే మలం కలిసిందని అనుమానించాలి. రుచిలో మాత్రం ఏ తేడా తెలియని నీళ్లవి! గదిలో పిల్లలుంటారు, సీసా ఎత్తున పెట్టండి. పారబోసే ముందు బ్లీచింగ్ పౌడర్ వేయండి.

అపోహ: కాచిన నీళ్లే తాగాలని చెబితే పాఠం అయిపోయినట్టే.

వాస్తవం: అన్నిటికన్నా ప్రమాదం ఇదే. మాటను ఉన్నదున్నట్టు తీసుకునే అమ్మాయి ఇంటికెళ్లి మూడు నెలల పసిగుడ్డుకు కాచిన నీళ్లు పట్టేస్తుంది. ఆరు నెలలు నిండేదాకా బిడ్డకు తల్లిపాలే. డాక్టరు చెబితే తప్ప ఎండాకాలంలోనూ నీళ్లు అక్కర్లేదు. ఈ మాట అదే పాఠంలో, అదే రోజు చెప్పాలి. "అర్థమైందా?" అంటే అందరూ తలూపుతారు. గ్లాసు బొమ్మ, పాలిచ్చే తల్లి బొమ్మ ముందుపెట్టి "నీకేది? బిడ్డకేది?" అని అడిగి తీయించండి. వారం తర్వాత మళ్లీ అడగండి.

అపోహ: ఒళ్లో బిడ్డ ఉంటే పాఠం సాగదు.

వాస్తవం: 45 నిమిషాలు ఏకబిగిన చెబితే సాగదు. పదేసి నిమిషాల ముక్కలు చేసి, మధ్యలో పాలివ్వనివ్వండి. "మరిగించి, చల్లార్చి, మూతపెట్టు" అంటే మధ్యమాట జారిపోతుంది, కాలే గిన్నె బిడ్డ పక్కనే ఉండిపోతుంది. పనికొక కార్డు ఇవ్వండి: తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం, తర్వాత చల్లార్చడం, ఆపైన మూత.

అపోహ: పొయ్యి పొగ బిడ్డకు హాని అని భయపెడితే మారతారు.

వాస్తవం: పొయ్యి మార్చే నిర్ణయం అత్తగారిదో భర్తదో. ఆమె చేతిలో లేనిదానికి ఆమెను తప్పుపట్టడం అన్యాయం. ఉయ్యాల పొయ్యికి దూరంగా జరపడం, తడి కట్టెలు పెట్టకపోవడం ఆమె చేయగలదు. అవి నేర్పండి.

అపోహ: పరీక్ష ఎలాగూ రాయలేరు.

వాస్తవం: 2016 వికలాంగుల హక్కుల చట్టంలో అభ్యసన వైకల్యం కూడా ఉంది. వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటే రాసిపెట్టే మనిషిని అడగవచ్చని, గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని 2018 కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి; ఇప్పటి నియమాలు ఓపెన్ స్కూల్లో కనుక్కోండి. పరీక్ష ఫీజు కట్టే సమయానికే ఆ సర్టిఫికెట్ చేతిలో ఉండేలా చూడండి.