కుక్కరు గ్యాస్కెట్టు, డైవింగ్ వాచీ

కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకుడు అడిగారు: "మా అబ్బాయి మొదటి జీతంతో నాకు స్టీలు డైవింగ్ వాచీ కొనిచ్చాడు. చూడ్డానికి పాతకాలం మోడల్‌లా ఉంటుంది, వెనక 200 మీటర్లు అని చెక్కి ఉంది. టైము వెనకబడుతోందని మొన్న వానల్లో ఒక షాపులో మూత తీయించాను. అప్పటినుంచి ఏసీ గదిలోకి వెళ్తే అద్దం లోపల ఆవిరి పడుతోంది. అంత దళసరి స్టీలులోంచి తేమ ఎలా దూరింది?"

ఈ ప్రశ్న నాకెంతో ఇష్టమైన చోటికి తీసుకెళ్లింది. వాచీ లోపలి చక్రాల గురించి చాలామంది రాశారు, నేను వాటి జోలికి పోను. తేమ స్టీలులోంచి దూరలేదు. అతుకుల్లోంచి దూరింది. వాచీకి మూడు వాకిళ్లు: అద్దం, వెనక మూత, పక్కన తిప్పే కీ. మూడు చోట్లా కాపలా కాసేది చిన్న రబ్బరు రింగో, అలాంటి మెత్తటి సీలో. అంటే మన కుక్కరు గ్యాస్కెట్టుకు తమ్ముడు.

విజిల్ వచ్చే వేళకు కుక్కరు లోపల ఒత్తిడి, బయటి గాలి కంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో ఎక్కువ. నీళ్లలో 10 మీటర్లు దిగినా అంతే. హుస్సేన్‌సాగర్ ఎంత లోతున్న చోటైనా దాదాపు 32 అడుగులే. 1990లో బుద్ధ విగ్రహం మునిగి, 1992లో పైకి తేలేదాకా పడి ఉన్న ఆ చెరువు అడుగుకు వెళ్లినా, మనింట్లో పప్పు ఉడికే ఒత్తిడే. 200 మీటర్లంటే అలాంటివి ఇరవై. వాచీ అద్దం 30 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటే దానిమీద పడే బరువు 140 కిలోల పైమాటే. ఇద్దరు మనుషులు ఎక్కి నిలబడ్డట్టు. డైవింగ్ వాచీల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 6425 ఇంకో పాతిక శాతం కలిపి పరీక్షించమంటుంది.

ఇంత ఒత్తిడిని ఆ చిన్న రింగు ఎలా ఆపుతుంది? రబ్బరును నొక్కితే ఆకారం మారుతుంది కానీ ఘనపరిమాణం దాదాపు మారదు. అందుకే ఒక పక్క నొక్కితే ఆ ఒత్తిడిని నీళ్లలాగే అన్ని వైపులకూ పంచేస్తుంది. మూత బిగించగానే రింగు కాస్త నలిగి, స్టీలును కొంత ఒత్తిడితో పట్టుకుంటుంది. దాన్ని 'ప' అందాం. ఇప్పుడు నీరు 'న' ఒత్తిడితో తోసింది. రింగు గాడిలో అవతలి గోడకు జరిగి, ఆ 'న'ను కూడా స్టీలు మీదికే మోపుతుంది. రబ్బరుకు, స్టీలుకు మధ్య ఒత్తిడి ఇప్పుడు ప + న. దూరాలని చూసే నీటి బలం మాత్రం న ఒక్కటే. లోతు పెరిగితే రెండూ కలిసే పెరుగుతాయి, కానీ ఆ 'ప' తేడా ఎప్పుడూ మన పక్షానే ఉంటుంది. సందు మరీ వెడల్పై రబ్బరు అందులోకి పిండుకుపోతే తప్ప నీటికి దారి లేదు. ఓ-రింగ్ అనే ఈ రకం రింగుకు, అమెరికాలో స్థిరపడ్డ డెన్మార్క్ ఆవిష్కర్త నీల్స్ క్రిస్టెన్సెన్ 1937లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు.

కుక్కర్లలో మూత లోపలి నుంచి పెట్టే రకం ఒకటుంది కదా. అందులో ఆవిరి మూతను పైకి తోసి అంచుకు ఇంకా బిగిస్తుంది. 1950ల్లో స్విట్జర్లాండ్‌లో ఎర్విన్ పికరెజ్ కంపెనీ కంప్రెసర్ అనే వాచీ కేసులు, అంటే బయటి స్టీలు డబ్బాలు, చేసింది. నీరు వెనక మూతను నొక్కేకొద్దీ అది రింగు మీద మరింత బిగుసుకుంటుంది. కుక్కరును లోపలిది బయటికి తిప్పినట్టే! ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పంచుకుంటుందనే పాస్కల్ సూత్రాన్ని బట్టీ పెట్టించే మన టీచర్లు ఒక్క పూట ఇంట్లోంచి గ్యాస్కెట్టు తెచ్చి పిల్లల చేతిలో పెడితే ఎంత బావుంటుందో.

ఇక ఆ పాతకాలపు అందం గురించి. ఆనాటి అంకెల మీద వెలుగు కోసం రేడియం పూసేవారు, తర్వాత ట్రిటియం వచ్చింది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ పూత మీగడ రంగుకు తిరిగేది. ఇప్పటి పూత చాలావరకు స్ట్రాన్షియం అల్యూమినేట్, రేడియోధార్మికత లేనిది. మీగడ రంగు కావాలని కలిపిందే. పాత ప్లాస్టిక్ అద్దం బదులు ఇప్పుడు ఉబ్బెత్తు కృత్రిమ నీలమణి (సఫైర్) అద్దం. ఈ ముచ్చట నాకూ నచ్చుతుంది, రింగు మాత్రం పాతది ఉండకూడదు.

కోఠీలో ఒక రిపేరు షాపులో భూతద్దం పెట్టుకుని పాత రింగు చూశాను. గుండ్రంగా ఉండాల్సిన రబ్బరు, గాడి ఆకారానికి నాలుగు పలకలుగా అణిగిపోయింది. దానికి అడ్డంగా ఒక సన్నటి నూలు పోగు. "ఈ పోగు చాలు సార్, నీళ్లు రావడానికి," అన్నాడాయన. అలా అణిగిపోయిన రింగులో 'ప' దాదాపు సున్నా. ఆగిన వాచీ పెట్టుకుంటే కీడని మా అమ్మమ్మ భయపడేది. ఆ షాపులో విప్పి చూపించినవాటిలో కనిపించింది తుప్పు, ఆరిన నూనె. వాటికీ కీడుకూ సంబంధం లేదు.

ఇంకో విశేషం. హైదరాబాద్ సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ గాలి ఒత్తిడి ఆరు శాతం తక్కువ. ఇక్కడ మూత బిగించిన వాచీని వైజాగ్ బీచ్‌కు తీసుకెళ్తే, కాలు తడవకముందే అది 60 సెంటీమీటర్ల నీళ్లలో ఉన్నట్టు లెక్క.

మీ వాచీ సంగతికొస్తే, రెండు కారణాలుండొచ్చు. వానరోజు 28 డిగ్రీల్లో, 80 శాతం తేమలో మూత మూస్తే ఆ గాలే లోపల ఉండిపోతుంది. అందులోని నీరు మిల్లీగ్రాములో పదోవంతు కూడా ఉండదు, అయినా అద్దం 24 డిగ్రీలకు చల్లబడితే మసకేస్తుంది. లేదా పాత రింగే మళ్లీ పెట్టి ఉంటారు. ఐఎస్ఓ పరీక్షలో వాచీని 40 నుంచి 45 డిగ్రీల దాకా వేడిచేసి, అద్దం మీద మామూలు నీటి చుక్క వేసి, ఒక నిమిషం ఆగి తుడుస్తారు. చుక్క ఉన్నచోట లోపల మసక కనిపిస్తే తేమ ఉన్నట్టే. మసక రోజూ అంతే ఉంటే అది లోపల చిక్కుకున్న గాలి. పెరుగుతూ పోతే లీకు. ఏదైనా సరే, స్నానానికి పెట్టుకోకుండా త్వరగా షాపుకు తీసుకెళ్లండి. రింగులన్నీ కొత్తవి వేసి, సిలికాన్ గ్రీజు రాసి, ప్రెషర్ టెస్ట్ చేయమనండి. మూత మూసేది బాగా ఎండ కాసిన రోజు అయితే మరీ మంచిది.